నడిచి వెళ్లే దూరం

ఫ్లాటు అమ్మకానికి ఉందని ప్రకటన ఇచ్చేటప్పుడు ఎన్ని చదరపు అడుగులు, ఏ ముఖం, కారు పార్కింగు ఉందా అన్నీ రాస్తారు. కరివేపాకు రెబ్బ కావాలంటే ఎంత దూరం నడవాలో మాత్రం రాయరు. ఇల్లు నడిపేవాళ్లకి రోజూ కావలసిన లెక్క అదే కదండీ!

హైదరాబాదులో సుల్తాన్‌బజార్ వెనక సందులో మా పిన్ని ఫ్లాటు అమ్మకానికి పెట్టారు. పెట్టింది ఆవిడ కొడుకులు. బాబాయి పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది, తెల్లాపూర్ తీసుకెళ్లి దగ్గర పెట్టుకోవాలని వాళ్ల ఆరాటం. ప్రేమతోనే, కాదనను. కాగితాలు పిన్ని పేరున ఉన్నాయి కాబట్టి సంతకం ఆవిడే పెట్టాలి.

నేను కోఠీ మహిళా కళాశాలలో బీఏ చదివిన మూడేళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీలో తెలుగు పాఠాలు విని, మధ్యాహ్నం అన్నానికి నడిచి ఇంటికొచ్చేదాన్ని. బస్సు పాసు అవసరమే పడలేదు. పిన్నికి బండి నడపడం రాదు, ఆ లోటు ఆవిడకి ఏనాడూ తెలియలేదు. కూరలకి బడీచౌడీ, జాకెట్టు ముక్కకి, ఫాల్స్‌కి సుల్తాన్‌బజార్. సాయంత్రం పత్రికలు తిరగెయ్యాలంటే 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 2020 నుంచి మెట్రో కూడా వచ్చింది. వీటిలో దేనికీ ఎవర్నీ "కాస్త దింపుతావా నాయనా" అని అడగక్కర్లేదు.

తెల్లాపూర్‌లో వాళ్ల ఫ్లాటు అద్దంలా ఉంటుంది. లిఫ్టు, తోట, యోగా గది. కానీ కొత్తిమీర కట్టకి ఫోన్లో ఆర్డరు పెట్టాలి, ఓటీపీ చెప్పాలి. పిన్ని కోడలు పొద్దున ఏడింటికి స్టీరింగు పట్టుకుంటే పిల్లల స్కూలు, సంగీతం, పళ్ల డాక్టరు అంటూ రాత్రిదాకా డ్రైవరే. ఇప్పుడు అత్తగారి గుడి ప్రయాణం కూడా ఆ పిల్ల నెత్తినే పడుతుంది. ఆ పిల్లని ఎవరైనా అడిగారా?

పాత పేటలో అన్నీ బాగున్నాయని చెప్పను. పిన్ని వాళ్లది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. నీళ్లొచ్చే వేళకి మోటారు వెయ్యాలి. ఫుట్‌పాత్ అంతా దుకాణాలే, నడిచేవాళ్లు రోడ్డు మీదే నడవాలి. పండగ ముందు ఆదివారం అయితే అడుగు తీసి అడుగు వెయ్యలేం.

అయినా అమ్మొద్దనే నా మాట, కనీసం ఇప్పుడే వద్దు. మూణ్ణెల్లు తెల్లాపూర్‌లో ఉండి చూడమన్నాను. మెట్లే కష్టమైతే ఇది అద్దెకిచ్చి, అదే సందులో కింది వాటా ఒకటి అద్దెకి తీసుకోవచ్చు. పాత బిల్డింగని బ్రోకర్లు ధర తెగ్గోస్తారు. అది ఎనిమిది ఫ్లాట్ల చిన్న బిల్డింగు. పెద్ద టవర్లలో కంటే ఇలాంటి చోట ఒక్కో ఫ్లాటుకి నేలలో వాటా సాధారణంగా ఎక్కువ వస్తుంది. రేపు పడగొట్టి కట్టినా లెక్కకొచ్చేది ఆ నేలే. మీ పేరున ఇల్లుంటే దస్తావేజులో అవిభాజ్య వాటా ఎన్ని గజాలో ఒక్కసారి చదువుకోండి. ఆ గజాలు తెలియకుండా బేరానికి కూర్చోవద్దు. పిన్ని మొన్నే కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఇన్నేళ్లుగా బీరువాలోనే ఉంది ఆ కాగితం!

పిన్ని ఇంకా సంతకం పెట్టలేదు. కొడుకులు అలగలేదు గానీ, ఫోన్లో మాట కాస్త తగ్గించారట. పోయిన వారం ఇల్లు చూడ్డానికి ఒక జంట వచ్చింది. ఆయన కారు ఎక్కడ పెట్టాలని కిందంతా తిరుగుతున్నాడు. ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చి, "ఆంటీ, కూరలు ఎక్కడ తెచ్చుకుంటారు?" అనడిగిందట. పిన్ని సంచీ తీసుకుని, చెప్పులేసుకుని, ఆ అమ్మాయిని బడీచౌడీకి తీసుకెళ్లింది.