బీటా మాటున

గ్రీకుల యక్షరమాలలో రెండవ యక్షరమునకు బీటా యని పేరు. ఇంత చిన్న యక్షరము ఇన్ని శాస్త్రములలో, ఇన్ని వ్యాపారములలో చొరబడుట వింతయే. 1899లో రూథర్‌ఫర్డ్ పండితుడు యురేనియమునుండి వెలువడు కిరణములను రెండు తెగలుగా గుర్తించి, వానిలో నెక్కువ దూరము చొచ్చుకొనిపోవువానికి బీటా కిరణములని పేరిడెను. గుండె వేగమును తగ్గించుటకు వైద్యులు వ్రాసియిచ్చు మందులలో నొక తెగ బీటా బ్లాకర్లు. మొత్తము షేర్ల బజారుతో పోల్చగా నొక కంపెనీ షేరు ఎంత యెగిరిపడుచున్నదో తెలుపు నంకెయు బీటాయే. హిందీవారు కొడుకును 'బేటా' యని పిలుచు పిలుపునకు దీనితో సంబంధము లేదు. కాని కంప్యూటరు కంపెనీలు తమ బీటాలయెడ జూపు గారాబమును బట్టి యట్టి భ్రమ కలిగినచో నది పాఠకుల తప్పు కాదు.

మేము ముచ్చటింపదలచినది ఈ కంప్యూటరు బీటాను గూర్చియే. విడుదలకు పూర్వము సాఫ్ట్‌వేరును బయటివారికిచ్చి పరీక్ష చేయించుట బీటా పరీక్ష. తయారుచేసినవారు తమలో తాము జరుపుకొనునది ఆల్ఫా పరీక్ష. పూర్వము ఐ.బి.ఎం. సంస్థవారు జరుపుచుండిన ఎ, బి పరీక్షలనుండి యీ పరిభాష వచ్చినదందురు. ఏర్పాటు మంచిదే. వంటలో ఉప్పు చాలినదో లేదో తినువాడు చెప్పవలెను. రచించినవాడు తాననుకొన్న త్రోవనే నడచి చూచును. బయటివాడు పాత యంత్రముపై, తన భాషలో తన పేరు టైపుచేసి, ఎవరును నొక్కరనుకొన్న మీటనే ముందుగా నొక్కును. అప్పుడుగాని లోపములు బయటపడవు. అయితే పరీక్షకు దిగువాడు తెలిసి దిగవలెను, పరీక్షకొక గడువుండవలెను. ఈ రెండును నేడు సడలుచున్నవి.

ఆపిల్ కంపెనీవారు 2000 సెప్టెంబరులో మాక్ ఓ.ఎస్. ఎక్స్ బీటాను 29 డాలర్ల 95 సెంట్లకు విక్రయించిరి. పరీక్షించువానికి కూలి యిచ్చుట పోయి, వానియొద్దనే రుసుము పుచ్చుకొనుట చోద్యము. కాని 2001 మే నెలలో నది పనిచేయుట మానునట్లు ముందే యమర్చిరి. గడువు విషయమున వారిని తప్పుపట్టుటకు లేదు. గూగుల్‌వారి జీమెయిల్ అట్లు కాదు. 2004 ఏప్రిల్ 1న బీటాగా వెలువడి 2009 జూలై 7 వరకు బీటాగానే యుండెను. ఐదేండ్లు! అప్పటికే కోట్లకొలది జనులు తమ యుత్తరములను దానియందే దాచుకొనుచుండిరి. నామకరణము కాని బిడ్డ బడికి పోయినట్లాయెను. ఆ మాటను తొలగించునపుడు సంస్థవారు సరకు అంతకు మునుపే పక్వమైనదనియు, పరీక్షలో నున్నట్లు వినబడుదానిని పెద్ద వ్యాపారసంస్థలు కొన జంకుచున్నవనియు చెప్పిరి. పైగా మమకారము వీడనివారు ఆ మాటను తిరిగి తగిలించుకొనుటకు నొక సదుపాయమును గల్పించిరి. అనగా నా బీటా తలుపునకు గట్టిన తోరణమే గాని లోపలి సంగతి తెలుపునది కాదు.

మన తెలుగునకు బీటా పదవియు మొదట దక్కలేదు. 2011 జూన్ నెలలో గూగుల్ అనువాదయంత్రమున తమిళ, కన్నడ, వంగ, గుజరాతీ భాషలతోపాటు తెలుగును జేర్చినపుడు దానిని ఆల్ఫా యనియే ప్రకటించిరి. అనువాదము కుంటుపడునని ముందే చెప్పుట నిజాయితీ. మనవారిలో పలువురు కూలి కోరక తప్పులు దిద్దిపెట్టిరి కూడ.

అనువాదము వంకరయైనచో నవ్వుకొందుము. వీధిలోనికి వచ్చిన బీటా నవ్వులాట కాదు. టెస్లా కంపెనీవారు తమ కార్లు చాలవరకు తామై నడచునట్లు చేయు సాఫ్ట్‌వేరును 2020 అక్టోబరులో బీటాయను పేరుతోనే అమెరికాలో కొందరు యజమానులకిచ్చి రోడ్లపైకి వదలిరి. 2022 నవంబరు నాటికి డబ్బు చెల్లించి యడిగిన ప్రతి యుత్తర అమెరికా యజమానికి నది యందెను. 2023 ఫిబ్రవరిలో, ఆగవలసిన కూడలిలో పూర్తిగా నాగక చొరబడుట, మలుపునకే కేటాయించిన వరుసనుండి తిన్నగా పోవుట మొదలగు లోపములవలన 3,62,758 కార్లను సవరింపవలసివచ్చెను. యజమాని షరతులు చదివియో చదువకయో యొప్పుకొన్నాడు. కూడలి దాటుచున్న ముసలమ్మ దేనికొప్పుకొన్నది? ఆమెయు నా పరీక్షలో భాగమే. ఆమె నడిగినవారు లేరు. 2024 మార్చిలో కంపెనీవారు బీటాయను మాట తీసివేసి, మానవ పర్యవేక్షణతో నడచునని మరియొక పేరు పెట్టిరి. డ్రైవరు ఎల్లప్పుడు జాగరూకుడై యుండవలెనను షరతు మాత్రము నిలిచియేయున్నది.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఉచితముగా జరుపుదానిని సేవగా నెంచదు. కావున ఉచితపు బీటాలో నష్టపోయినవానికి ఆ చట్టమున త్రోవ యిరుకు. డబ్బు పుచ్చుకొన్నవాడు బీటాయను మాటను అడ్డుపెట్టుకొని బాధ్యత తప్పించుకొనరాదని ప్రభుత్వము స్పష్టముగా శాసింపవలెనని మేము కోరుచున్నాము. ఇంటిలో నాడుకొను సాఫ్ట్‌వేరునకు ఇంతటి కట్టుదిట్టము లేకున్నను సహింపవచ్చును. ప్రాణములతో ముడిపడినదానికి మాత్రము గడువు తేది ముందే ప్రకటింపబడవలెను. త్రోవన పోవువారినందరి నడుగుట సాధ్యము కాదు గనుక వారి తరఫున ప్రభుత్వమే విచారించి యనుమతి నీయవలెను. అనుమతి దొరకనిచో నా బండి కంపెనీవారి యావరణలోనే తిరుగవలెను.