పిన్ చెప్పొద్దు, అడగొద్దు

దసరా ముందు సింగరేణి లాభాల వాటా ఖాతాల్లో పడిందంటే ఇల్లందు బజారు కళే మారిపోతుంది. బట్టల కొట్లు, బంగారం షాపులు కిటకిటలాడతాయి. గని దిగి రిటైరైన కార్మికులు, గుండాల, ఆళ్లపల్లి బస్సులు దిగి వచ్చేవాళ్లు, తండాల ఆడవాళ్లు, ఇలా చాలామంది దగ్గర ఇప్పుడు ఏటీఎం కార్డు ఉంది. ఆ కార్డుతో బిల్లు కట్టే చోట జరుగుతున్నదే నన్ను కలవరపెడుతోంది.

"పెద్దాయనా, పిన్ ఎంత?" అంటాడు కౌంటర్‌లో కుర్రాడు. కళ్లద్దాలు ఇంట్లో మరచిన పెద్దాయన నాలుగంకెలూ పైకే చెబుతాడు. కుర్రాడు నొక్కి చీటీ చింపి ఇస్తాడు. వెనక నిలబడ్డవాళ్లంతా విననే విన్నారు. కొందరైతే కార్డు కవరు మీదే పిన్ రాసుకుని, కవరుతో సహా అందిస్తారు. అడిగిన కుర్రాడికి ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు. విన్నవాళ్లందరికీ ఉండదని ఎవరు హామీ ఇస్తారు?

కార్డు వెనక నల్లపట్టీ మాత్రమే ఉన్న రోజుల్లో దొంగలు దాన్ని చిన్న పరికరంలో గీకి నకిలీ కార్డు చేసేవారు. 2016లో దేశంలో దాదాపు 32 లక్షల డెబిట్ కార్డుల భద్రత దెబ్బతిన్నదన్న వార్త బ్యాంకులను కుదిపేసింది. రిజర్వు బ్యాంకు ఊరికే కూర్చోలేదు. డెబిట్ కార్డుకు కొట్లోనూ పిన్ ఉండాలని 2013 డిసెంబరు నుంచే నిబంధన తెచ్చింది. 2018 చివరికల్లా చిప్ కార్డులు ఇవ్వాలని బ్యాంకులను ఆదేశించింది. చిప్‌ను కాపీ కొట్టడం దాదాపు అసాధ్యం. కానీ కార్డు కొట్టేసినవాడికి పిన్ కూడా తెలిస్తే చిప్ ఏం చేయగలదు?

అంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడోవారి వల్ల డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి పైసా నష్టం ఉండదు. పిన్ తానే చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా ఖాతాదారు నెత్తినే. గ్రాట్యుటీ, పీఎఫ్ సొమ్మంతా కార్డున్న ఖాతాలోనే ఉంచుకున్న రిటైర్డ్ కార్మికుడి సంగతి ఆలోచించండి. ముప్పై ఏళ్ల చెమట నాలుగంకెల మీద ఆధారపడి ఉంది.

పెద్ద మొత్తాన్ని కార్డు లేని ఖాతాలోకి మార్చుకోండి. కార్డును మెషిన్‌కు ట్యాప్ చేస్తే ఐదు వేల దాకా పిన్ లేకుండానే పోవచ్చు కాబట్టి, అవసరం లేకుంటే ఆ సౌకర్యాన్ని ఆపించండి, రోజువారీ పరిమితి తగ్గించుకోండి. మెసేజ్‌లు వచ్చే ఫోన్ నంబరు సరిచూసుకోండి. తేడా కనిపిస్తే ముందు బ్యాంకుకు చెప్పి కార్డు బ్లాక్ చేయించండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అంకెలు నొక్కడం రాకపోతే ఇంటి మనిషిని వెంట తెచ్చుకోండి.

వ్యాపారులకూ ఒక మాట. కార్డు మెషిన్ చేతిలో ఇమిడేదే. కొనేవాళ్ల వైపు తిప్పి, మీరు మొహం పక్కకు తిప్పుకోండి. కొట్లో పిన్ అడగడం మీ కుర్రాళ్ల చేత ఈ పండక్కే మాన్పించండి.