మాక్‌బెత్ పాపంలో ఎవరి వాటా ఎంత?
‘మాక్‌బెత్’ నాటకంలో కథానాయకుడు మాక్‌బెత్ మంచివాడే, మంత్రగత్తెలూ పెళ్లామూ కలిసి చెడగొట్టారు అని తీర్పు చెప్పేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ ముగ్గురు మంత్రగత్తెలు ఎదురైనప్పుడు పక్కనే తోటి సేనాని బాంకో కూడా ఉన్నాడు. తన సంతతి రాజులవుతారని అతనూ విన్నాడు, అయినా కత్తి దూయలేదు. వాళ్లు రాజువవుతావన్నారే గానీ రాజును చంపమనలేదు. ఆ ఊహ పుట్టింది మాక్‌బెత్ బుర్రలోనే. భార్య ప్రోద్బలం ఉంది, కాదనను. డంకన్ తనకు చుట్టం, ఏలిక, పైగా ఆ రాత్రి తన ఇంటి అతిథి అని తలచుకుని అతను వెనక్కి తగ్గితే, నువ్వు మగాడివేనా అన్నట్టు ఎత్తిపొడిచి ముందుకు తోసింది ఆమే. హత్య చేసి, బెదిరిపోయి, నెత్తుటి బాకుల్ని చేత్తోనే పట్టుకొచ్చేస్తే, వాటిని తీసుకెళ్లి మళ్లీ పడకగదిలో పెట్టి వచ్చిందీ ఆమే. కానీ మూడో అంకానికి రండి. హంతకుల్ని పిలిపించి, బాంకో మీద నూరిపోసి, అతని కొడుకునూ వదలొద్దని పురమాయించింది మాక్‌బెత్ ఒక్కడే. భార్య అడిగినా అసలు సంగతి చెప్పలేదు. తనకు ఎదురుతిరిగిన ప్రభువు మక్డఫ్ ఇంగ్లండు పారిపోయాడని తెలిశాక, కోటలో మిగిలిన అతని ఆలుబిడ్డల మీదికి మనుషుల్ని పంపమని ఏ మంత్రగత్తే చెప్పలేదు. తప్పని తెలిసీ చేశాడు, అదే నన్ను కలచివేస్తుంది. ఈ నాటకం పాఠం చెప్పే మాస్టార్లు నేరమంతా ఆ ఇల్లాలి నెత్తిన రుద్దడం ఇకనైనా మానాలి.