ఏడు కిలోల అబద్ధం



మదరసాలో మధ్యాహ్నపు పాఠాలు ముగిసి, అస్ర్ అజాన్ వినిపించేలోగా దొరికే కొద్దిపాటి సమయంలో మా వద్దకు వచ్చేవారు సాధారణంగా నికాహ్, వారసత్వం, జకాత్ విషయాలు అడుగుతారు. కొన్ని నెలల క్రితం మా పూర్వ విద్యార్థి ఒకడు ఆసుపత్రి ఫైలు పట్టుకొని వచ్చాడు. పెడన వాస్తవ్యుడు, విజయవాడ ఆటోనగర్‌లో ఒక సంస్థలో లెక్కలు చూస్తాడు. "హజ్రత్, అమ్మీకి పొట్ట ఆపరేషన్ చేయాలంటున్నారు, బరువు తగ్గడానికి. ఇది జాయిజేనా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న వినగానే మా మనసులో కలిగిన భావాన్ని దాచము. తిండి తగ్గించుకోలేక కడుపు కోయించుకోవడమేమిటి అనుకున్నాము. ఫైలు తెరిచి చదివాక ఆ తలంపుకు సిగ్గుపడ్డాము. ఆ సోదరికి 49 ఏళ్ళు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. పన్నెండేళ్ళుగా మధుమేహం, ఇన్సులిన్ వేసుకుంటున్నా మూడు నెలల సగటు చక్కెర పరీక్ష తొమ్మిదికి దిగడం లేదు. రాత్రి గురక మధ్యలో శ్వాస ఆగిపోతుంది. కూతురు మేలుకొని కూర్చొని తల్లి భుజం కదుపుతూ ఉంటుందట. మోకాళ్ళ బాధతో సజ్దా చేయలేక మూడేళ్ళుగా కుర్చీ మీదనే నమాజు. ఇది అందం కోసం అడిగిన ఆపరేషన్ కాదు.

ధర్మసందేహానికి సమాధానం సులువుగానే దొరికింది. జెడ్డా కేంద్రంగా గల అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైనప్పుడు ఈ విషయాన్ని పరిశీలించింది. బరువు వ్యాధి స్థాయికి చేరి, శస్త్రచికిత్స తప్ప వేరు మార్గం లేనప్పుడు, హాని కలగదనే భరోసా ఉంటే అది అనుమతించదగినదని తీర్మానించింది. అల్లాహ్ సృష్టిని మార్చడమనే అభ్యంతరం రోగానికి చేసే చికిత్సకు వర్తించదు. ఈ మాట చెప్పి మేము ఫైలు మూయబోయాము. కుర్రవాడు కదలలేదు. అసలు ప్రశ్న ఇంకా అడగలేదన్నమాట.

అతడి సంస్థ ఉద్యోగులందరికీ గ్రూపు ఆరోగ్య బీమా తీసుకొంది. తల్లిదండ్రులు కూడా అందులో ఉన్నారు. ఆసుపత్రి వారు ముందస్తు అనుమతికి కాగితాలు పంపితే, బరువు నియంత్రణ చికిత్సకు మినహాయింపు ఉన్నదంటూ తిరస్కరణ వచ్చింది. అప్పుడు కాగితాల వ్యవహారం తెలిసిన ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడట: "బరువు 93 వేయించు, పనైపోతుంది." ఏడు కిలోలే కదా, ప్రాణం కోసమే కదా, హజ్రత్ ఏమంటారు? ఇదీ ప్రశ్న.

93 ఎందుకో తెలియాలంటే నియమం తెలియాలి. కిలోల బరువును, మీటర్లలోని ఎత్తును ఎత్తుతోనే గుణించిన సంఖ్యతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. ఆ సోదరిది 37.2. హైదరాబాద్‌లో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో మినహాయింపుల భాషను అన్ని కంపెనీలకూ ఒకే విధంగా నిర్ణయించింది. దాని ప్రకారం స్థూలకాయ శస్త్రచికిత్స పూర్తిగా మినహాయింపు కాదు. షరతులు నెరవేరకపోతేనే మినహాయింపు. డాక్టరు సలహా ఉండాలి. వైద్య ప్రమాణాల మద్దతు ఉండాలి. వయసు 18 నిండాలి. బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. లేదా 35కు తగ్గకుండా ఉండి, కోత లేని పద్ధతులు విఫలమై, నాలుగు తీవ్ర వ్యాధులలో ఏదో ఒకటి ఉండాలి. ఆ నాలుగు: స్థూలకాయం వల్ల వచ్చిన గుండె కండర వ్యాధి, గుండె రక్తనాళాల వ్యాధి, నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ ఆప్నియా తీవ్ర స్థాయిలో ఉండటం, అదుపులోకి రాని టైప్ 2 మధుమేహం. మోకాళ్ళు ఈ జాబితాలో లేవు. రక్తపోటూ లేదు.

పెద్దమనిషి లెక్క 40 దాటించడానికి. కాని 37.2కు ఆ అబద్ధం అవసరమే లేదు! నాలుగింటిలో రెండు ఆమె శరీరంలోనే ఉన్నాయి. లేనిది కాగితంలో. డాక్టరు లేఖ తీసి చూశాము: స్థూలకాయం, శస్త్రచికిత్స అవసరం అని రెండు పంక్తులు. చక్కెర అంకెలు లేవు. శ్వాస సంగతి ఒక్క మాట లేదు. ఎవరూ చెప్పలేదు గనుక డాక్టరు గారు రాయలేదు. గురక గురించి చెప్పడానికి ఆమెకు సిగ్గు. మన ఇళ్ళలో ఎందరు తల్లులు ఇలా డాక్టరు ఎదుట సగం రోగం చెప్పి సగం మింగి వస్తారో!

అబద్ధం వల్ల ధర్మపరమైన నష్టం మా విద్యార్థికి మేము బోధించనక్కరలేదు. లోకవ్యవహారంలో నష్టం కూడా వివరించాము. ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టరు మళ్ళీ తూకం వేస్తాడు; మందు మోతాదుకు ఆ బరువే ఆధారం. రెండు కాగితాలలో రెండు బరువులుంటే మోసమని మొత్తం క్లెయిమ్ పోతుంది. ఐదేళ్ళు విడవకుండా సాగిన పాలసీని ప్రశ్నించరాదని 2024 నాటి నిబంధన పాలసీదారుకు రక్షణ ఇస్తున్నది. ఆ రక్షణ కూడా నిరూపితమైన మోసానికి లేదు. పాలసీ తీసుకునేటప్పుడు పాత మధుమేహాన్ని దాచే సోదరులు ఇది గమనించాలి. ముందే ఉన్న వ్యాధికి నిరీక్షణ కాలం ఇప్పుడు మూడేళ్ళకు మించకూడదు. దాచి పోగొట్టుకోవడం కంటే చెప్పి వేచి ఉండటం చౌక.

తరువాత నెలంతా ఆ కుటుంబం కాగితాలు సమకూర్చింది. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో రాత్రంతా నిద్ర పరీక్ష చేయించారు. గంటకు సగటున ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, తగ్గిందో అందులో తేలుతుంది; 30కి చేరితే తీవ్రం. ఆమెకు 41 వచ్చింది. కూతురికి ఆ అంకె ముందే తెలుసు, లెక్కపెట్టలేదంతే. పథ్యం రాసిన నిపుణుల చీటీలు, రెండేళ్ళ మందుల బిల్లులు బియ్యం డబ్బా మీది ప్లాస్టిక్ కవరులో దొరికాయి. కోత లేని పద్ధతులు విఫలమయ్యాయనడానికి అవే సాక్ష్యం. దయచేసి పాత చీటీలు పారవేయకండి. గుండె వైద్యుడు, మధుమేహ వైద్యుడు, ఆహార నిపుణురాలు, మానసిక నిపుణుడు వేరువేరుగా చూసి రాసి ఇచ్చారు. డాక్టరు గారు ఈసారి అంకెలతో రెండు పేజీల లేఖ ఇచ్చారు. రెండో దరఖాస్తుకు అనుమతి వచ్చింది.

రాకపోయినా దారి మూసుకుపోదు. నగదు రహిత చికిత్సకు అనుమతి నిరాకరించినంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. సొంతంగా చెల్లించి తిరిగి కోరవచ్చు. కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి నెల రోజులలో న్యాయం జరగకపోతే, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

బీమా తీసుకోవడమే ధర్మసమ్మతమా అని కొందరు పాఠకులు అడుగుతారు. పైన చెప్పిన అకాడమీయే 1985లో వాణిజ్య బీమాను నిషిద్ధమని, పరస్పర సహకార బీమాను సమ్మతమని తీర్మానించింది. యజమాని తన డబ్బుతో ఉద్యోగులకు కల్పించే సౌకర్యం సంగతి వేరుగా చూడవలసి ఉంటుంది. మీ పరిస్థితి వివరించి మీ ముఫ్తీ గారిని అడగండి. పత్రికలో నాలుగు పంక్తులతో తేలే విషయం కాదు.

ఈ కథ తెలిసి గుడివాడ నుండి మరొక సోదరుడు వచ్చారు. ఆయన విషయం మాకు ఎక్కువ బాధ కలిగించింది. 155 సెంటీమీటర్లు, 81 కిలోలు, బీఎంఐ 33.7, చక్కెర అదుపులో లేదు. మన దేశ స్థూలకాయ శస్త్రచికిత్సకుల సంఘం మన వారికి పెట్టిన గీత 37.5, తోడు వ్యాధులుంటే 32.5. మన శరీరాలకు తక్కువ బరువుకే మధుమేహం వస్తుంది గనుక ఆ తగ్గింపు. 1991లో అమెరికా నిపుణులు గీసిన 40, 35 గీతలనే బీమా నియమం నేటికీ పాటిస్తున్నది. కనుక డాక్టరు దృష్టిలో ఆయన అర్హుడు, కంపెనీ దృష్టిలో కాడు. ఈ అన్యాయానికి మా వద్ద మందు లేదు. కొన్ని పాలసీలు నియమం కంటే ఉదారంగా ఉండవచ్చు, మీ పాలసీ పుస్తకం మొత్తం చదివించుకోండి అన్నాము. చదివించారు, అలా లేదు.

"హజ్రత్, ఇంకో మూడు నాలుగు కిలోలు పెరిగితే 35 దాటుతాను. తూకం నిజమే ఉంటుంది, అబద్ధం కాదు కదా" అన్నారాయన. నవ్వుతూ అనలేదు.

మాకు వెంటనే మాట రాలేదు. తగ్గడానికి ప్రయత్నించి విఫలమయ్యానని సంతకం పెట్టవలసిన కాగితం అది. పెరగడానికి తిని ఆ సంతకం ఎలా పెడతారు? పైగా అదుపులో లేని చక్కెరతో తినే ప్రతి కిలో కళ్ళ మీదా, మూత్రపిండాల మీదా పడుతుంది. శరీరం అమానత్ అని ఆయనకూ తెలుసు. ఆపరేషన్ అయినా ఆజన్మాంతం విటమిన్లు, కొలత తిండి తప్పవని, స్లీవ్ పద్ధతిలో జీర్ణకోశంలో ముప్పావు భాగం తీసివేస్తారని, తరువాతి రమజాన్ ఉపవాసాలకు డాక్టరు అనుమతి కావాలని కూడా చెప్పాము. మళ్ళీ ఆ డాక్టరు గారి వద్దకే వెళ్ళి, బీమా రాదని చెప్పి, కోత లేకుండా ఏమి చేయగలరో అడగమన్నాము. మందులు మార్చారట.

గత జుమా నాడు వన్‌టౌన్‌లో ఎదురయ్యారు. 79కి వచ్చానన్నారు. "బీమా గీతకు ఇంకో రెండు కిలోలు దూరమయ్యాను హజ్రత్" అని ఈసారి నవ్వారు.