దవాఖానా తలుపు ఏ వేళకు తెరిచి ఉండాలి?

మా మొహల్లాలో ఆటో నడుపుకొని బ్రతికే సోదరుడొకరు ఉన్నారు. వయస్సు నలభై ఆరు. గత సంవత్సరం నుంచి వారానికి మూడు రోజులు ఆయన డయాలసిస్ మంచం మీద గడుపుతున్నారు. ఆయనకు రక్తపోటు ఎక్కువగా ఉన్నదని మొదట కనిపెట్టినది పెద్ద ఆసుపత్రి ఏదీ కాదు. మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉన్న బస్తీ దవాఖానాలోనే అది బయటపడింది. అక్కడి డాక్టరు నెలకు సరిపడా గోళీలు ఉచితంగా ఇచ్చి, మరుసటి నెల తప్పక రమ్మని చెప్పి పంపారు. ఆయన రెండు మూడు నెలలు వెళ్లారు, ఆ తర్వాత మానుకున్నారు. ఎందుకు మానుకున్నావు బేటా అని ఇటీవల మేము అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: "చాచా, దవాఖానా తొమ్మిదికి తీస్తారు, నాలుగింటికి మూస్తారు. ఆ వేళలోనే నా ఆటో నడవాలి. ఆటో ఆపితే సేఠ్‌కు కిరాయి ఎవరు కడతారు?"

ఇందులో డాక్టరు తప్పు లేదు, నర్సు తప్పు లేదు, మందుల కొరత కూడా లేదు. గోళీ ఉన్నది, గోళీ అవసరమైన మనిషి ఉన్నాడు, ఇద్దరి మధ్య దూరం రెండు గల్లీలే. ఆ రెండు గల్లీలను దాటలేకపోవడానికి కారణం గోడ మీది గడియారం. ఈ మాసం మేము వ్రాయదలచినది ఆ గడియారం గురించే.

బస్తీ దవాఖానాలు 2018 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదలయ్యాయి. అంతకుముందు ఢిల్లీలో వెలసిన మొహల్లా క్లినిక్కుల స్ఫూర్తి వీటిలో ఉన్నది. ఐదు వేల నుంచి పది వేల జనాభాకు ఒకటి చొప్పున, ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకులతో నడపాలన్నది ఉద్దేశం. రక్తనమూనాలను అక్కడే తీసుకొని ప్రభుత్వ డయాగ్నొస్టిక్ కేంద్రానికి పంపుతారు, రూపాయి ఖర్చు లేకుండా ఫలితం తిరిగి వస్తుంది. నేడు నగరంలో ఇవి మూడు వందలకు పైగా ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదని నిస్సంకోచంగా ఒప్పుకుంటున్నాము. పిల్లవాడికి జ్వరం వస్తే ఉస్మానియాకో నీలోఫర్‌కో బస్సెక్కి, ఓపీ చీటీ కోసం నిలబడి, ఒక రోజు కూలి వదులుకొని సాయంత్రానికి ఇల్లు చేరిన తరం మాది. ప్రభుత్వం ఏది చేసినా తప్పు పట్టే వారి వరుసలో మమ్మల్ని చేర్చవద్దని మనవి.

అయితే, పాతబస్తీలోని ఒక దవాఖానా ముందు మేము కొన్ని రోజులు ఉదయం నుంచి రాత్రి వరకు వంతుల వారీగా కూర్చున్నాము. అక్కడ మాకు కనిపించినది వేరే చిత్రం. పగటిపూట వరుసలో ఉన్నవారు వృద్ధులు, చంటిపిల్లల తల్లులు. పనిచేసే వయస్సులోని పురుషుడు దాదాపు కానరాలేదు. ఇళ్లలో పాచిపనికి వెళ్లే స్త్రీలు అసలే లేరు, ఎందుకంటే వారు తిరిగి వచ్చేసరికి నాలుగు దాటుతుంది. ఇంట్లోనే కూర్చొని జరీ పని, గాజుల పని చేసే ఆడవారు మాత్రం పగలంతా ఇంట్లోనే ఉంటారు గదా అని ఎవరైనా అనవచ్చు. వారి కూలి గంటల మీద లేదు, ముక్కల మీద ఉన్నది. సాయంత్రం సరుకు తీసుకుపోయే మనిషి వచ్చేలోగా పని పూర్తి కాకపోతే ఆ రోజు కష్టం వృథా. వంచిన మెడ, మసకబారే కళ్లు, రక్తహీనత, ఇవన్నీ మోస్తూ వారు మగ్రిబ్ వరకు సూది వదలరు.

మగ్రిబ్ తర్వాత ఆ గల్లీకి ప్రాణం వస్తుంది. ఆ వేళకు దవాఖానాకు తాళం పడి ఉంటుంది. కొద్ది అడుగుల దూరంలో ఆర్.ఎం.పి. గారి గది ముందు మాత్రం కుర్చీలు చాలవు. ఆయన రాత్రి పది వరకు ఉంటారు. ఒంటినొప్పులన్నా, జ్వరమన్నా ముందు ఒక సూది, నీరసమన్నవారికి సెలైన్, చీటీ నిండా యాంటీబయాటిక్ గోళీలు. వైద్యం సంగతి ఎలా ఉన్నా, ఆయనకు తెలిసినది, ప్రభుత్వానికి తెలియనిది ఒకటి ఉన్నది. బస్తీ మనిషి ఏ వేళకు ఖాళీగా ఉంటాడో ఆయనకు తెలుసు. ఉచితంగా దొరికే మందును కాదని డబ్బు పెట్టి సూది పొడిపించుకునే వారిని అజ్ఞానులని తేల్చేయడం సులభం. మేమూ ఒకప్పుడు అలాగే అనుకొని, సభల్లో ఉపన్యాసాలు కూడా ఇచ్చాము. వారు అజ్ఞానులు కారు, లెక్క తెలిసినవారు. పోయే రోజు కూలికంటే సూది ఖరీదు తక్కువ.

ప్రభుత్వ కార్యాలయంలో మూడు దశాబ్దాలకు పైగా గుమాస్తాగిరీ చేసిన మాకు కాగితం చదివే అలవాటు పోలేదు. కాబట్టి ఈ విషయంలో నియమం ఏమంటుందో వెతికాము. 2013లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ అమలు పత్రం, సుమారు యాభై వేల జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలనీ, వీలైతే అది మురికివాడలోనే గానీ అర కిలోమీటరు లోపున గానీ ఉండాలనీ చెబుతుంది. అదే వాక్యంలో, సాయంత్రపు ఓపీకి ఏర్పాటు ఉండాలని కూడా అంటుంది. ఆ మాట వ్రాసినది పెద్ద కేంద్రాల గురించే, బస్తీ దవాఖానాలు అప్పటికి పుట్టలేదు. కానీ పట్టణ పేదలకు సాయంత్రమే వీలైన సమయమని ఆ పత్రం వ్రాసినవారు గుర్తించారన్నది ముఖ్యం. పెద్ద కేంద్రానికి వర్తించిన తర్కం, దానికంటే బస్తీకి మరింత దగ్గరగా ఉన్న చిన్న దవాఖానాకు వర్తించదా? కేరళలో 2017లో మొదలైన ఆర్ద్రం మిషన్ కింద కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చిన ప్రాథమిక కేంద్రాలలో ఓపీ సాయంత్రం ఆరు వరకు నడుస్తున్నది.

డాక్టర్లు దొరకరు, రాత్రివేళ పనిచేయరు, జీతాలకు బడ్జెట్ లేదు అన్న సమాధానం మేము ముందే ఊహించాము. పూర్వం ఇటువంటి సమాధానాలు టైపు చేసిన చేతులే ఇవి. అందుకే మేము అదనపు పోస్టు ఒక్కటి కూడా అడగడం లేదు. తొమ్మిది నుంచి నాలుగు వరకు అంటే ఏడు గంటలు. వారంలో రెండు రోజులు అవే ఏడు గంటలను మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి ఎనిమిది వరకు జరపండి. ఉదయం వచ్చే వృద్ధులకు మిగతా రోజులు ఉండనే ఉన్నాయి. దీనికి చట్టం మార్చనక్కరలేదు, కొత్త కుర్చీ కొననక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు. ఇదే బస్తీ దవాఖానాలకు వారాంతపు సెలవును ఒక దశలో ఆదివారం నుంచి శనివారానికి మార్చారు, కూలిజనం ఆదివారం రాగలరన్న ఆలోచనతోనే. రోజును మార్చగలిగిన కలం గంటను మార్చలేదా?

చీకటి పడ్డాక పనిచేసే మహిళా సిబ్బంది భద్రత నిజమైన ప్రశ్న. ఇక్కడ బాధ్యత మన మీద కూడా ఉన్నది. గల్లీలో దీపం వెలిగేటట్లు చూడడం, దవాఖానా ముందు కుర్రకారు గుంపు చేరకుండా చూడడం, నర్సమ్మను బస్టాపు వరకు క్షేమంగా సాగనంపడం మొహల్లా పెద్దలు చేయలేని పనులా? కాంట్రాక్టు మీద వచ్చే యువ డాక్టర్లు పీజీ సీటు రాగానే వెళ్లిపోతారు, అది సహజం. ఉన్నన్నాళ్లయినా వారికి గౌరవం దక్కాలి. చీటీ ఆలస్యమైందని నర్సు మీద అరిచిన పెద్దమనుషులను మేము చూశాము. వారిలో ఒకరు మా కమిటీ సభ్యులే కావడం మాకు సిగ్గు కలిగించింది.

మనవైపు లోపాలు ఇంతటితో అయిపోలేదు. దవాఖానాకు గది కావాలని అధికారులు వెతికినప్పుడు, దుకాణం అద్దె ఎక్కువ వస్తుందని కాదన్న ఇంటి యజమానులు మన వారిలో ఉన్నారు. పెళ్లిళ్లప్పుడు తప్ప తాళం తీయని సముదాయ భవనం ఒకటి మా మొహల్లాలోనే ఉన్నది. నవాబ్‌సాహెబ్ కుంటలోని మస్జిద్-ఎ-ఇసాక్ తన ఆవరణలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆరోగ్య కేంద్రానికి చోటిచ్చింది, అక్కడ మతం అడగకుండా అందరికీ వైద్యం అందింది. ఆ ఉదాహరణ చెప్పి మా కమిటీ ముందు ప్రతిపాదన పెడితే, "ఇతర మతాలవారు కూడా వస్తారు గదా" అన్న సందేహం వచ్చింది. వస్తారు, రావాలి కూడా. దోమకు, క్షయకు మొహల్లా సరిహద్దు తెలియదు. పైగా మా బస్తీలో మస్జిద్ వెనుక వీధిలో ఉన్నవి దళితుల ఇళ్లు. వారి ఆడపడుచులూ మన ఆడపడుచులూ ఒకే నల్లా దగ్గర బిందెలు పెడతారు, ఒకే ఆర్.ఎం.పి. దగ్గర సూది పొడిపించుకుంటారు. సాయంత్రపు దవాఖానా కోరే అర్జీ మీద వారి సంతకాలు లేకపోతే ఆ అర్జీకి సగం బలం లేనట్లే.

మరికొందరు మిత్రుల వాదన వేరు. జకాత్ సొమ్ముతో మనమే క్లినిక్కులు పెట్టుకుందాం, ప్రభుత్వాన్ని ఎందుకు ప్రాధేయపడాలి అంటారు. వారి సదుద్దేశాన్ని మేము శంకించడం లేదు. కానీ దానంతో నడిచే క్లినిక్కు దాత ఆరోగ్యంగా ఉన్నంత కాలమే నడుస్తుంది. మూతపడిన రెండింటి బోర్డులు మా దారిలో ఇప్పటికీ వ్రేలాడుతున్నాయి. అంతకంటే పెద్ద అభ్యంతరం మరొకటి ఉన్నది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న పెద్ద గ్రామాలలో సుమారు నలభై శాతానికి ఎటువంటి వైద్య సదుపాయమూ లేదని 2006లో సచార్ కమిటీ తన నివేదికలో వ్రాసింది. పన్నులు కట్టే పౌరులకు రావలసినది రాలేదని ఒక అధికారిక నివేదిక చెప్పినప్పుడు, సరే మా తిప్పలు మేము పడతాము అనడం ఆత్మగౌరవంగా కనిపించవచ్చు గాని, అది హక్కును వదులుకోవడమే. మన ఆటో సోదరుడి విషయమే చూడండి. జబ్బు ముదిరాక మేము జుమా నమాజు తర్వాత మూడు వారాలు రుమాలు పరిచాము. డయాలసిస్ ఆరోగ్యశ్రీ కింద ఉచితమే, కాని రానుపోను ఖర్చు, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆ పథకంలో లేవు. పోగైన చందా ఇంటి అద్దె బకాయిలకే చాలలేదు.

సమయం ఒక్కటే సమస్య అని మేము అనడం లేదు. స్త్రీల జబ్బులు మగ డాక్టరుకు చెప్పుకోలేక తిరిగి వచ్చేవారున్నారు. ఉర్దూ తప్ప మరొక భాష రాని ముదుసలికి, ఏ గోళీ భోజనానికి ముందో ఏది తర్వాతో ఎవరు చెప్పాలి? 2017 నుంచి ఉర్దూ తెలంగాణ అంతటికీ రెండవ అధికార భాష, కాని ఆ సంగతి మేము చూసిన దవాఖానా బోర్డుకు ఇంకా తెలియలేదు. రమజాన్ వచ్చిందంటే మరొక చిక్కు. షుగరు ఉన్నవారు ఉదయపు గోళీని తమకు తోచినట్లు సహరీకో ఇఫ్తారుకో మార్చుకుంటారు, కొందరు మానేస్తారు, మధ్యాహ్నం కళ్లు తిరిగి పడిపోతారు. షాబాన్ నెలలోనే ఒక సాయంత్రం డాక్టరు కూర్చొని, ఎవరు ఉపవాసం ఉండవచ్చో, ఎవరు ఉండకూడదో, మోతాదు ఎలా మార్చాలో చెబితే ఎంత మేలు? వ్యాధిగ్రస్తుడికి దీన్ ఇచ్చిన మినహాయింపును ఇమాం సాహెబ్ పక్కనే ఉండి వివరిస్తే, పంతం పట్టే పెద్దవారు కూడా వింటారు. ఇదీ సాయంత్రమే జరగవలసిన పని.

ఈ కోరికలను ఎక్కడ వినిపించాలి? చాలామందికి తెలియని వేదిక ఒకటి ఉన్నది. పట్టణ ఆరోగ్య మిషన్ కింద యాభై నుంచి వంద ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి. దానికి ఏటా ఐదు వేల రూపాయల వరకు గ్రాంటు కూడా ఉన్నది. మా బస్తీలో సమితి ఉన్నదా అని ఆశా కార్యకర్తను అడిగితే, పేర్ల జాబితా కాగితం మీద ఉన్నదన్నారు. ఆ జాబితాలో పేరున్న ఒక అమ్మకు తాను సభ్యురాలినన్న విషయమే తెలియదు. ఆమెను తప్పుపట్టలేము. సమావేశం పగలు పదకొండింటికి పెడితే ఆమె ఎక్కడ ఉంటుంది? సమితిని ఇషాకు ముందు కూర్చోబెట్టి, సాయంత్రపు వేళలు కోరుతూ తీర్మానం వ్రాసి, అందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకొని పంపితే, ఆ కాగితానికి మా వంటి విశ్రాంత గుమాస్తాల అర్జీ కంటే ఎక్కువ విలువ ఉంటుంది. పంపిన తర్వాత నెల రోజులు ఆగి, పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మీ తీర్మానంపై ఏ తేదీన ఎవరు ఏమి వ్రాశారో ఫైలు నోటు ప్రతి అడగండి. "పరిశీలనలో ఉన్నది" అన్న మాటకు అర్థం మాకు బాగా తెలుసు. ఆ మాటను కదిలించేది నోటు ప్రతి అడిగిన మనిషి మాత్రమే.

మా తీర్మానం రెండు భాషలలో సిద్ధమైంది. నూట పద్నాలుగు సంతకాలు అయ్యాయి, వాటిలో ముప్పై ఒకటి మస్జిద్ వెనుక వీధివి. ఆటో సోదరుడు తన సంతకం డయాలసిస్ లేని రోజున వచ్చి చేశారు. వచ్చే సోమవారం దానిని అధికారికి అందజేయడానికి వెళ్తున్నాము. కార్యాలయం పదిన్నరకు తెరుస్తారట. అంతమంది స్త్రీలను ఆ వేళకు పని మానిపించి వెంటబెట్టుకొని వెళ్లలేము గనుక ఐదుగురమే వెళ్తున్నాము.