లారీ ఎక్కకూడని ప్రతి

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి మన ఇళ్లలో ఒక జాబితా తయారవుతుంది. గ్యాస్ కనెక్షన్ అప్పగించాలి, స్కూల్లో టి.సి. తీసుకోవాలి, పాలవాడి బాకీ తీర్చాలి, క్వార్టర్ ఖాళీ చేయాలి. గాజు సామాను ఏ పెట్టెలో పెట్టాలా అని అమ్మానాన్నలు పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటారు. కంప్యూటర్ సంగతి అన్నిటికన్నా చివర వస్తుంది. వచ్చినా, దాని అట్టపెట్టె ఎక్కడ పెట్టామా అని వెతకడంతో సరి. అందులో ఉన్నవాటికి ఇంకో ప్రతి ఉందా అని అడిగేవారు ఉండరు. ఈ ప్రశ్న ఆ జాబితాలో మొదట ఉండాలని మా అభిప్రాయం. అడగాల్సింది కూడా పెద్దవాళ్లు కాదు, మనమే.

ఒకే ఊళ్లో పుట్టి పెరిగే పిల్లలకు ఆ ఊరే ఒక ప్రతి. ఫొటో పోయినా వేపచెట్టు అక్కడే ఉంటుంది. పక్కింటి పిన్నిగారి ఆల్బంలో అదే పుట్టినరోజు ఫొటో ఇంకొకటి దొరుకుతుంది. మూడో తరగతిలో వేసిన నాటకాన్ని గుర్తుచేయడానికి అప్పటి స్నేహితుడు పదో తరగతిలోనూ పక్క బెంచీలోనే ఉంటాడు. మనకు ఆ వీలు లేదు. మనం ఖాళీ చేసిన క్వార్టర్‌కు సున్నం వేస్తారు, గోడమీద మన ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు దాని కిందికి పోతాయి. నాసిక్‌లో పక్కింట్లో ఉన్నవాళ్లు ఇప్పుడు జోర్హాట్‌లో ఉంటారు, ఎదురింటివాళ్లు తిరువనంతపురంలో. తిరిగి వెళ్లి మళ్లీ ఫొటో తీసుకుందామంటే ఆ ఊళ్లో మనల్ని ఎరిగినవాళ్లు మిగలరు. మనం దాటి వచ్చిన ఊళ్లన్నీ చాలావరకు ఒక్క యంత్రంలో ఉన్నాయి. మనలో చాలామందికి తెలుగు బడిలో పాఠం కాదు, ఇంట్లో మాట మాత్రమే. తాతయ్య ఫోనులో పంపిన కథలు, ఆయన గొంతు, అవీ అక్కడే.

ఆ యంత్రమేమో పెళుసుది. పాతరకం హార్డ్‌డిస్కులో పళ్లేల్లాంటి బిళ్లలు గిర్రున తిరుగుతుంటాయి. వాటిని చదివే ముల్లు వెంట్రుక మందంలో ఎన్నో వేల వంతు ఎత్తున తేలుతూ ఉంటుంది. పని చేస్తుండగా గట్టి కుదుపు తగిలితే ముల్లు బిళ్లను గీరేస్తుంది. తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్కులు కుదుపుకు తట్టుకుంటాయి గానీ, పాడైతే ఒక్కసారిగా మూగబోతాయి. లారీలో నాలుగు రోజుల ప్రయాణం, వాన, దించేటప్పుడు జరిగే విసురు... ఇవన్నీ మనకు తెలియనివి కావు.

ప్రతి అనే మాట మనకు కొత్తది కాదు. తాటాకుకు పురుగు పడుతుంది, చెమ్మ తగిలితే పాడవుతుంది. అందుకే లేఖకులు పాత ఆకు శిథిలం కాకముందే కొత్త ఆకు మీద ఎక్కించేవారు. పదకొండో శతాబ్దపు నన్నయ స్వహస్తంతో రాసిన ఆకు ఒక్కటీ మనకు లేదు. ఆయన పద్యాలు ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టుకుని పనిచేసినప్పుడు, ఊరూరా చెదిరి ఉన్న ప్రతులను తెప్పించి ఒకదానితో ఒకటి పోల్చి చూపించుకున్నాడు. అన్ని ప్రతులూ ఒకే ఇంట్లో ఉండి ఆ ఇల్లు కాలి ఉంటే పోల్చడానికి ఏముండేది?

మన కాలం కథ కూడా ఒకటుంది. 1998లో పిక్సార్ సంస్థలో టాయ్ స్టోరీ 2 తయారవుతుండగా ఎవరో ఇచ్చిన ఒక తప్పు ఆజ్ఞతో సినిమాలో చాలా భాగం కంప్యూటర్లలోంచి చెరిగిపోయింది. బ్యాకప్ ఉంది కదా అనుకున్నారు. తీరా చూస్తే అది సరిగా పనిచేయడం లేదు, అంతకుముందు ఎవరూ తెరిచి చూడలేదు. గేలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని పసిబిడ్డ ఉండటంతో ఇంటినుంచి పనిచేస్తూ ఇంట్లో ఒక ప్రతి ఉంచుకుంది. ఆ కంప్యూటర్‌కు దుప్పట్లు చుట్టి కారులో ఆఫీసుకు తెచ్చారు. సినిమా బతికింది.

క్లౌడ్ ఉందిగా, ఇంత గొడవెందుకు అంటారు కొందరు. క్లౌడ్ మంచిదే, వద్దనడం లేదు. కానీ గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిలు, ఫైళ్లు, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. అన్నిటికన్నా మనకు సంబంధించిన చిక్కు ఇంకోటి: అకౌంటు నాన్న ఆఫీసు సిమ్‌తో ముడిపడి ఉంటుంది, బదిలీ అయితే ఆ సిమ్ తిరిగి ఇచ్చేయాలి. తర్వాత ఓటీపీ ఎవరికి వెళుతుంది? ఇక ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచే డిస్కు కూడా నమ్మదగింది కాదు. 2017 మే నెలలో వానాక్రై వైరస్ 150కి పైగా దేశాల్లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అలాంటివి తగిలించి ఉన్న డిస్కునూ వదలవు.

మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి అన్నది కంప్యూటర్ వాళ్ల పాత సూత్రం. మన ఇళ్లకు దాన్ని అన్వయించుకోవడం తేలికే. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి క్లౌడ్‌లో, మూడోది ఒక చిన్న డిస్కులో. ఆ డిస్కు లారీ ఎక్కకూడదు. కంప్యూటరూ దాని ప్రతీ ఒకే లారీలో వెళితే, పోయేటప్పుడు రెండూ కలిసే పోతాయి. దాని చోటు అమ్మమ్మగారి బీరువా. బదిలీ లేని ఇల్లు మనకు ఉన్నది అదొక్కటే. ఏటా వేసవి సెలవుల్లో వెళ్లినప్పుడు కొత్తవి ఎక్కించి, పాతవి తెరుచుకుంటున్నాయో లేదో నాలుగైదు చూసి, తిరిగి అక్కడే పెట్టి రావచ్చు. మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా పాటిస్తారు. పరీక్షలు అయిపోయి, అట్టపెట్టెలు ఇంకా దిగని రోజులవి.

అన్నీ దాచనక్కర లేదు. సినిమాలు మళ్లీ దొరుకుతాయి. సి.బి.ఎస్.ఇ. మార్కుల జాబితాలు డిజిలాకర్‌లోంచి మళ్లీ తీసుకోవచ్చు. దొరకనివి ఏవో మనకే తెలుసు: తరగతి ఫొటో, చెల్లి మొదటి మాటలు, కాలనీలో ఆడిన క్రికెట్ వీడియో. వాటిని దాచేటప్పుడు ఫోల్డర్‌కు ఊరి పేరు, సంవత్సరం పెట్టాలి. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎడమనుంచి కుడికి వరుసగా ఒక చిన్న ఫైలులో రాయాలి. రెండు బదిలీల తర్వాత చివర నిలబడ్డ ఆ కళ్లజోడు అబ్బాయి ఎవరో చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు.