ఇంట్లో కూర్చున్న ఓటును ఎవరూ లెక్కపెట్టరు

మస్జిదుల ముందర, టీ కొట్ల దగ్గర, వలీమా విందుల్లో ఈమధ్య మాకు తరచుగా ఒక మాట వినిపిస్తున్నది. “ఎవరికి వేసినా ఒకటే భాయ్, ఈసారి ఓటుకే పోము.” ఈ మాట అంటున్నవారు రాజకీయాలు పట్టనివారు కారు. ఒకప్పుడు జెండాలు మోసినవారు, ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగినవారు, పోలింగ్ రోజున ఫజర్ నమాజు కాగానే ముసలివారిని చేయి పట్టుకొని బూత్‌కు నడిపించినవారు. అందుకే ఈ మాటను మేము తేలికగా తీసుకోలేకపోతున్నాము. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో పంచాయతీలకు, మార్చిలో పట్టణాలకు ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు అయిదేళ్లే. మళ్లీ ఓటు అడిగేవారు మన గడప తొక్కే కాలమిది. వారికి ఏం చెప్పాలో ముందుగా మనలో మనం తేల్చుకోవాలి.

మొదట ఒక సంగతి ఒప్పుకుందాం. ఈ నిరాశ అకారణమైనది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ముస్లింలకు అయిదు శాతం రిజర్వేషన్లు అన్నారు. న్యాయస్థానంలో అవి నిలవలేదు. 2007లో బీసీ–ఇ పేరిట నాలుగు శాతానికి చట్టం వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా అది నడుస్తూ వచ్చింది. తెలంగాణ శాసనసభ 2017లో పన్నెండు శాతానికి బిల్లు ఆమోదించింది. ఢిల్లీకి వెళ్లిన ఆ బిల్లు చట్టమై తిరిగి రాలేదు. మంత్రివర్గాల సంగతి చూడండి. విభజన తరువాత 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో 2018 నవంబరు దాకా ఒక్క ముస్లిం మంత్రి లేరు. తెలంగాణలో 2023 డిసెంబరులో ఏర్పడిన మంత్రివర్గంలో 2025 అక్టోబరు చివరి దాకా లేరు. ఆ రెండు ప్రభుత్వాలూ వేర్వేరు పార్టీలవి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం పార్లమెంటులో నెగ్గినప్పుడు దానికి అనుకూలంగా ఓటు వేసినవారిలో మన ఓట్లు కూడా పొందిన తెలుగు సభ్యులున్నారు. ఇన్ని చూసినవారు విసిగిపోయారంటే తప్పు వారిది కాదు.

అయితే పైన చెప్పినవాటిలో ఒక్కటి కూడా వార్డు సభ్యుడు చేసింది కాదు. సర్పంచ్ చేయగలిగింది కూడా కాదు. శాసనసభ మీద, పార్లమెంటు మీద మనకున్న కోపాన్ని మన వీధి ఎన్నిక మీద చూపిస్తే ఆ దెబ్బ పెద్దలకు తగలదు. అది తిరిగి మన వీధికే తగులుతుంది. మేము చెప్పదలచిన మాట ఇంతే. మిగిలినదంతా దానికి వివరణ.

1992లో పార్లమెంటు ఆమోదించి 1993లో అమలులోకి వచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు గ్రామ, పట్టణ పాలనకు రాజ్యాంగ హోదానిచ్చాయి. పట్టణ సంస్థలకు అప్పగించదగిన బాధ్యతలను పన్నెండవ షెడ్యూలులో పద్దెనిమిది అంశాలుగా రాశారు. ఆ జాబితాను ఒక ముస్లిం కుటుంబం కళ్లతో చదివితే దాని అసలు విలువ తెలుస్తుంది. తాగునీరు, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, వీధి దీపాలు అందరివీ. వీటితోపాటు జనన మరణాల నమోదు అందులో ఉన్నది. శ్మశానాలు, ఖబరస్తాన్‌లు ఉన్నాయి. కబేలాల నియంత్రణ ఉన్నది. అంటే బిడ్డ పుట్టిన రోజున కావలసిన కాగితం, ఖురేషీ సోదరుల జీవనోపాధి, చివరికి మన మట్టి చేరవలసిన నేల, ఈ మూడింటి వ్యవహారం చాలావరకు మనం పట్టించుకోని ఆ కౌన్సిల్ హాలులోనే తేలుతుంది.

జనన ధ్రువపత్రం విషయమే తీసుకుందాం. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తేదీ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఓటరుగా నమోదు కావడానికి, పాస్‌పోర్టుకు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీని, స్థలాన్ని రుజువు చేసేది ఆ ఒక్క కాగితమే. మన పేర్లు ఆ కాగితాల మీద ఎలా పడుతున్నాయో అందరికీ తెలుసు. తండ్రి కాగితంలో షేక్, కొడుకు కాగితంలో షేఖ్, తల్లి పేరులో బేగం ఒకచోట ఉంటే మరొకచోట బీ. ఒక అక్షరం సరిచేయించడానికి రోజు కూలి వదులుకొని కార్యాలయం చుట్టూ తిరిగే తల్లులను మేము చూశాము. అటువంటప్పుడు వెంట వచ్చి అధికారి ముందు నిలబడే వార్డు సభ్యుడు ఉండటానికీ, ఫోను ఎత్తని వార్డు సభ్యుడు ఉండటానికీ ఎంతో తేడా ఉన్నది.

గత వర్షాకాలంలో మేము ఒక జనాజా వెంట నడిచాము. ఖబరస్తాన్‌కు పోయే దారిలో కాలువ పొంగి మోకాలిలోతు మురుగు నిలిచింది. జనాజా మోస్తున్నవారు అందులోనే నడిచారు. ఎవరూ మాట్లాడలేదు. దఫన్ అయ్యాక ఒక పెద్దాయన మాత్రం, “ఈ దారి కోసం ఎవరినైనా అడిగామా?” అన్నారు. ఖబరస్తాన్ స్థలం వక్ఫ్‌దే కావచ్చు. అక్కడికి పోయే దారి, ఆ దారి పక్క కాలువ, రాత్రిపూట వెలగవలసిన దీపం పురపాలక సంఘానివి. వక్ఫ్ చట్టం కోసం పోరాడటం ఎంత అవసరమో ఆ దారి కోసం అడగటమూ అంతే అవసరం. మొదటిదానికి ఢిల్లీ దాకా పోవాలి. రెండవది మన చేతిలో ఉన్నది.

ఓటు వేయకపోవడం కూడా నిరసనేనని కొందరు మిత్రులు వాదిస్తారు. ఆ వాదనలోని ఆవేదన మాకు అర్థమవుతుంది. కానీ ఆ నిరసన ఎవరికి చేరుతున్నది? 2020 డిసెంబరులో హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగినప్పుడు నూటికి 46 మంది చొప్పున మాత్రమే ఓటు వేశారు. సగానికి పైగా ఓటర్లు ఇళ్లలోనే ఉన్నారు. అయినా 150 డివిజన్లకు కార్పొరేటర్లు వచ్చారు, మేయరు వచ్చారు, బడ్జెట్లు ఆమోదం పొందాయి. ఇంట్లో ఉన్నవారిలో ఎవరు కోపంతో ఉన్నారో, ఎవరు నిద్రపోయారో లెక్క రాసినవారు లేరు. నోటా మీద ముద్ర వేస్తే కనీసం అంకెగా మిగులుతుంది. దానితోనూ ఫలితం మారదు. ఇక గ్రామ వార్డుల్లో పది, ఇరవై ఓట్ల తేడాతో గెలుపోటములు తేలడం మనకు కొత్త కాదు. అటువంటిచోట ఒక వీధి మొత్తం ఇంట్లో కూర్చుంటే ఎక్కువ లాభపడేది ఓట్లు కొనే అభ్యర్థే. అతడు కొనవలసిన ఓట్లు ఆ మేరకు తగ్గుతాయి.

ఓటు వేయకపోవడం ఒక పొరపాటైతే, గంపగుత్తగా వేయడం మరొక పొరపాటు. దీనిని మన ఇంటి తప్పుగానే చెప్పుకోవాలి. ఎన్నికలకు వారం ముందు ఒక నాయకుడు మొహల్లా పెద్దలు నలుగురితో మాట్లాడుకుంటాడు. మస్జిదుకు రంగులు, షాదీఖానాకు ఫ్యాన్లు, కొందరి జేబుల్లో కవర్లు. మరునాటికి “మన ఓట్లన్నీ ఫలానావారికే” అన్న కబురు వస్తుంది. ఎవరినీ అడగరు, ఎవరికీ చెప్పరు. ఈ బేరం వల్ల మన ఓటుకు ఒక ధర పలికింది గాని ఒక విలువ ఏర్పడలేదు. ఓటు ఒక సాక్ష్యమనీ, ఒక అమానత్ అనీ ఉలమా ఎంతోకాలంగా చెబుతూ వస్తున్నారు. అమానత్‌ను ఇంకొకరు అమ్ముకోనివ్వడం కూడా ఖియానత్‌లో భాగమే.

గెలిచిన తరువాత మనకు చూపించే బహుమతి కో–ఆప్షన్ పదవి. మండల పరిషత్తులో ఒకరిని, జిల్లా పరిషత్తులో ఇద్దరిని మైనారిటీల నుంచి తీసుకోవడానికి చట్టంలో వీలున్నది. పురపాలక సంఘాల్లోనూ అటువంటి ఏర్పాటు ఉన్నది. ఆ సభ్యులు కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు. తీర్మానం మీద ఓటు వేయలేరు. అక్కడ కూర్చొని చక్కగా పనిచేసినవారు లేరని మేము అనడం లేదు. కానీ ఓటు లేని కుర్చీ కోసం వేల ఓట్లు ఇచ్చి తృప్తిపడటం ఏ లెక్కన సబబో ఆలోచించాలి. గ్రామాల్లో వినిపించే ‘ఏకగ్రీవం’ మాటనూ ఇలాగే పరీక్షించాలి. ఊరంతా ఒక్క మాట మీద ఉండటం మంచిదే. ఆ ఒక్క మాట అనుకున్న రచ్చబండ దగ్గరకు సాయిబుల వీధినీ, దళితవాడనూ పిలిచారా లేదా అన్నదే ప్రశ్న. పిలవకుండా కుదిరిన ఒప్పందాన్ని ఏకగ్రీవమని ఎలా అంటాము?

అయితే ఎవరికి వేయాలి? ఈ పత్రిక ఏ పార్టీ పేరూ చెప్పదు. గ్రామ పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులే ఉండవు. పట్టణాల్లో ఉన్నా, గుర్తుకంటే ముందు మనిషిని చూడమని మా విన్నపం. మూడు ప్రశ్నలు చాలు. ఒకటి, గడిచిన అయిదేళ్లలో ఈ మనిషి మన వీధికి ఎన్నిసార్లు వచ్చాడు, ఏ పనికి వచ్చాడు? రెండు, ఊరిలో పండుగ ఊరేగింపు దగ్గరో, మాంసం కొట్టు దగ్గరో ఉద్రిక్తత తలెత్తిన రోజున ఎక్కడ నిలబడ్డాడు? నిప్పు మీద నీళ్లు చల్లాడా, తలుపు వేసుకున్నాడా, లేక నూనె పోశాడా? మూడు, తోపుడు బండ్లను తొలగించినప్పుడు బండివారి పక్షాన ఒక్క మాటైనా మాట్లాడాడా? 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా విక్రయదారులే ఎన్నికై ఉండాలి. ఆ కమిటీ మన పట్టణంలో ఉన్నదో లేదో అభ్యర్థికి తెలుసా?

ఈ ప్రశ్నలకు మంచి జవాబు చెప్పేవాడు ముస్లిమే కావాలని లేదు. మన పేరుతో నిలబడి, ఓట్లు చీల్చడానికి డబ్బు తీసుకొని, లెక్కింపు రోజున కనిపించకుండాపోయే అభ్యర్థులను మనం చూశాము. మన వీధి కాలువే కిందికి పారి పక్క వాడ ఇళ్ల ముందు నిలుస్తుంది. ఆ వాడవారితో కలిసి కూర్చొని ఒకే అభ్యర్థిని ఒకే ప్రశ్న అడిగితే ఆ ప్రశ్నకు బరువు పెరుగుతుంది. “ముస్లిం ఓట్లు ఒకటైతే అవతలివారూ ఒకటవుతారు” అని భయపెట్టేవారికి కూడా అదే సరైన జవాబు. కుళాయి నీళ్లకు మతం లేదు.

మన స్త్రీల సంగతి చెప్పకుండా ఈ మాట ముగించలేము. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. నీళ్ల కోసం నిలబడేది వారు, రేషను వరుసలో ఉండేది వారు, పిల్లల కాగితాల కోసం తిరిగేది వారు. ఎవరికి వేయాలన్న చర్చ మాత్రం మస్జిదు మెట్ల దగ్గర మగవారి మధ్యనే ముగుస్తున్నది. ఈసారి ఆ చర్చ దస్తర్‌ఖాన్ దగ్గర జరగాలి. అమ్మీ ఏమంటున్నదో, ఆపా ఏమంటున్నదో వినాలి. చదువుకున్న మన ఆడపిల్లలు నిలబడతామంటే వెంట నడవాలి. గెలిచాక వారి కుర్చీలో భర్తో అన్నో కూర్చోకూడదు.

వీటన్నిటికీ ముందు చేయవలసిన పని ఒకటున్నది. జాబితాలో పేరు చూసుకోవాలి. 2025లో బిహార్‌లో ఓటర్ల జాబితాను సవరించినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండాపోయాయి. స్థానిక ఎన్నికలను జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘమే అయినా, వాటి జాబితాకు ఆధారం శాసనసభ ఓటర్ల జాబితాయే. అక్కడ పేరు పోతే ఇక్కడా పోయినట్లే. అద్దె ఇళ్లు మారేవారు, పనికోసం గల్ఫ్‌కో నగరానికో పోయినవారు, కొత్తగా కోడళ్లై వచ్చినవారు మనలో ఎక్కువ. ప్రతి మొహల్లాలో ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు జాబితా పట్టుకొని ఇల్లిల్లూ తిరిగితే రెండు ఆదివారాల పని.

ఇంత చేసినా మంచి అభ్యర్థి దొరకని వార్డులుంటాయి. అక్కడ ఉన్నవారిలో తక్కువ హాని చేసేవారినే ఎంచుకోవలసి వస్తుంది. అది గొప్ప ఎంపిక అని మేము చెప్పము. కానీ తక్కువ హాని చేసేవారిని ఎన్నుకొని అయిదేళ్లు వెంటపడటం వేరు, ఎక్కువ హాని చేసేవారిని మౌనంగా గెలవనిచ్చి అయిదేళ్లు తిట్టుకోవడం వేరు. గ్రామసభ ఎప్పుడో అడిగి తెలుసుకొని వెళ్లాలి. మన వార్డుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం పెట్టాలి. వారు పనిచేస్తే నలుగురిలో చెప్పాలి, చేయకపోతే నలుగురిలో అడగాలి.

“ఈసారి ఓటుకే పోము” అన్న సోదరులకు మా విన్నపం ఇది. మీ కోపాన్ని వదులుకోమని అనడం లేదు. దానిని ఒక కాగితం మీద పెట్టండి. ఖబరస్తాన్ దారి, కాలువ, దీపం, జనన ధ్రువపత్రాలు అని నాలుగు పనులు రాయండి. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థికీ అదే కాగితం చూపించండి. వారు చెప్పింది పక్కనే రాసుకోండి. గెలిచినవారు ఎవరైనా, ప్రమాణం చేసిన వారంలోగా నలుగురూ కలిసి ఆ కాగితం తీసుకొని వారి గడపకు వెళ్లండి. వచ్చే వానలకు ముందే ఆ దారి బాగుపడవలసి ఉన్నది.